పరిశోధనకు రిజిస్టరు పట్టేవారు

ఆరోగ్యవరం గురించి మదనపల్లె వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1915లో అక్కడ క్షయ రోగుల కోసం శానటోరియం మొదలైంది. 1948లో మన దేశంలో బీసీజీ టీకాను ముందుగా వేసి చూసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ తర్వాత 1950 నుంచి 1955 దాకా శానటోరియం పరిశోధకులు పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇల్లిల్లూ తిరిగి మనుషుల లెక్క రాశారు. చర్మ పరీక్షలు చేశారు, ఎక్స్‌రేలు తీశారు. ఊళ్లో క్షయ నిజంగా ఎంత ఉందో తేల్చారు. డాక్టర్ యోహానెస్ ఫ్రిమోట్-ముల్లర్ నాయకత్వంలో జరిగిన ఆ పని 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. అదే జనం మీద బీసీజీ టీకా ఎంతవరకు పనిచేసిందో చెప్పే నివేదికలు 1973 దాకా వస్తూనే ఉన్నాయి. ఆ చివరి నివేదిక మీద ఫ్రిమోట్-ముల్లర్ పక్కన జి.ఎస్. ఆచార్యులు, కె. కేశవ పిళ్ళై పేర్లు కూడా ఉన్నాయి.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. 1950లో పరీక్ష చేసిన మనిషిని ఏళ్ల తర్వాత మళ్లీ వెతికి పట్టుకోవాలి. అప్పటికి ఆ పిల్లకు పెళ్లయి వేరే ఊరికి వెళ్లి ఉంటుంది. ఒకే వీధిలో ముగ్గురు వెంకటప్పలు ఉంటారు. మొదటిసారి వెళ్లినవాళ్లు పేరు, తండ్రి పేరు, ఇంటి గుర్తు సరిగా రాసి ఉంటేనే రెండోసారి వెళ్లినవాళ్లకు ఆ మనిషి దొరుకుతాడు. కంప్యూటర్ లేని కాలంలో, కాగితం మీద, మన మదనపల్లెలోనే ఈ పని జరిగింది. వైద్య పరిశోధన అనగానే తెల్లకోటు, మైక్రోస్కోపు గుర్తొచ్చే మీలాంటి డిగ్రీ విద్యార్థులకు నేను చెప్పదలచుకున్నది ఆ రిజిస్టర్ల గురించి, వాటిని రాసే ఉద్యోగం గురించి.

ఆనాటి సమస్య క్షయ. ఇప్పుడు మన ఊళ్లలో లోతుగా చూడవలసినవాటిలో ఎముకలు గుల్లబారడం ఒకటి. డాక్టర్లు దాన్ని ఆస్టియోపోరోసిస్ అంటారు. మన పల్లెల్లో దానికి పేరు లేదు. అవ్వ నడుము వంగింది అంటారు, బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది అంటారు. విరిగేదాకా నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ ఆసుపత్రికి పోరు. డెక్సా అనే స్కాన్‌తో ఎముక సాంద్రత కొలిచి, యవ్వనంలో ఉన్నవాళ్ల సగటుతో పోల్చి టీ-స్కోరు ఇస్తారు. అది మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం 1994లో నిర్ణయించింది.

తెలుగునాట ఈ విషయం మీద విలువైన పని జరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం పేద కుటుంబాల్లోని 30 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్ల ఎముకలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్, ఆయన సహచరులు 2004 నుంచి 2007 వరకు వరుసగా ప్రచురించిన పరిశోధనలు మన జిల్లాకు మరీ దగ్గరివి. ఇంత ఎండ కాసే నేల మీద బతికే మనుషుల్లో డి విటమిన్ తక్కువగా ఉందని, తిండిలో కాల్షియం చాలడం లేదని, ఆ కొంచెం కాల్షియం కూడా ఒంటికి పట్టకుండా ధాన్యాల్లోని ఫైటేట్ అడ్డుపడుతోందని ఆ పత్రాలు చెప్పాయి. ఇక హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా గర్భిణులకు, పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి ఉంది. 2003-05లో మళ్లీ ఆ పల్లెలకు వెళ్లి, అప్పటి పిల్లల్లో 1165 మందిని కౌమార వయసులో పరీక్షించారు. ఆ తర్వాత వాళ్లు పెద్దవాళ్లయ్యాక డెక్సా స్కాన్లు తీశారు. ఎముకల బలానికి చిన్ననాటి పోషణ కంటే ఇప్పటి కండ, బరువు మోసే శ్రమ ఎక్కువ ముఖ్యమని 2014లో తేల్చారు. మన దేశం, ఇంగ్లండ్ సంస్థలు కలిసి చేసిన పని అది. పదిహేనేళ్ల నాటి కాగితాల్లోని పిల్లలను మళ్లీ గుర్తుపట్టినవాళ్లు లేకపోతే అందులో ఏదీ బయటికి వచ్చేది కాదు.

మూడు ఊళ్లు, ఒకే లెక్క

ఇలాంటి పరిశోధన ఒకటి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడుచోట్లా కలిపి మొదలైందని ఊహించుకుందాం. మీరు దానికి ఆఫీసు సహాయకులుగా చేరారు. హోదా ఏదైనా, ప్రాజెక్ట్ అసిస్టెంట్ అన్నా కో-ఆర్డినేటర్ అన్నా, పని ఒకటే. మూడు ఊళ్లలో వేర్వేరు మనుషులు రాసినది ఒకే మనిషి రాసినట్టు ఉండేలా చూడడం.

చేరిన రోజే మీకు కనిపించేది ఫైళ్లు. మనుషుల మీద పరిశోధన చేయాలంటే నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు దీన్ని వివరంగా చెబుతాయి. విదేశీ సంస్థ భాగస్వామి అయితే కేంద్ర ఆరోగ్య శాఖ పరిశీలన కమిటీ దగ్గరకూ పోవాలి. మందు ఇచ్చి చూసే ప్రయోగమైతే 2007లో మొదలైన జాతీయ క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీలో మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు చేయాలి. ఈ అనుమతుల తేదీలు, గడువులు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. అనుమతి గడువు ముగిశాక తీసిన రక్త నమూనా ఎంత మంచిదైనా వాడుకోవడానికి వీలుండదు. ఇచ్చిన మనిషికి మాత్రం సూది నొప్పి నిజమే కదా.

తర్వాత అంగీకార పత్రం. తెలుగులో రాస్తే చాలదు. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఆ చుట్టుపక్కల ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. మూడు పట్టణాల్లోనూ ఉర్దూ ఇళ్లు ఉన్నాయి. ఒక భాషలో రాసినదాన్ని ఇంకొకరితో రెండో భాషలోకి మార్పించి, మూడో మనిషితో మళ్లీ మొదటి భాషలోకి మార్పించి రెండూ పోల్చి చూడాలి. 'స్కాన్ వల్ల హాని లేదు' అని ఒకచోట, 'రేడియేషన్ చాలా తక్కువ' అని ఇంకొకచోట ఉంటే రెండు ఊళ్ల వాళ్లు రెండు వేర్వేరు విషయాలకు ఒప్పుకున్నట్టు అవుతుంది. రెండోదే నిజం, రెండోదే రాయాలి. వేలిముద్ర వేసేవాళ్లుంటే పరిశోధనకు సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. ఆ పత్రం నకలు ఒకటి వాళ్ల చేతికి ఇవ్వాలి. ఈ చివరిదాన్ని తొందరలో మరిచిపోవడం సులువు. మరవకండి.

ఎన్నేండ్లు అవ్వా?

ఎముకల పరిశోధనలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె వయసు. దాని తర్వాత నెలసరి ఆగిన వయసు. ఈ రెండూ మన పల్లెల్లో కాగితం మీద దొరకవు. ఆధార్ కార్డు చూస్తే పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది. చాలామంది పెద్దవాళ్లకు ఏటి అంకె కూడా అంచనాగా వేసిందే. కార్డులోది ఎత్తి రాసి ఊరుకుంటే పని సులువుగా అయిపోతుంది, కానీ లెక్క చెడిపోతుంది.

మాటల్లో పెట్టి తెలుసుకోవాలి.

"అవ్వా, ఎన్టీ రామారావు మొదటిసారి గెలిచినప్పుడు నీకు బిడ్లు ఉన్న్యారా?"

"ఇద్దరు. చిన్నోడు చంకలో ఉన్న్యాడు."

"ఇందిరాగాంధీ చచ్చిపోయినప్పుడు వాడు నడస్తా ఉన్న్యాడా?"

"నడిచేదేంది నాయనా, బడికి పోతాడని పలక గూడా కొనిస్తిమి."

ఒకటి 1983 జనవరి, రెండోది 1984 అక్టోబరు. ఈ రెండు మాటలు ఒకదానికొకటి సరిపోవడం లేదని మీకు అప్పుడే తట్టాలి. చంకలో ఉన్న పసివాడికి ఇరవై ఒక్క నెలల్లో పలక కొనరు. ఇంకో ప్రశ్న వేయండి, అవ్వ చెల్లెలినో కోడలినో కూర్చోబెట్టి అడగండి. అయినా తేలకపోతే 'అంచనా' అని పక్కన రాయండి. తెలియనిదాన్ని తెలియదని రాసే ధైర్యం ఈ ఉద్యోగానికి పెద్ద అర్హత అని నా గట్టి నమ్మకం. ఊళ్లలోని పాత సంఘటనల జాబితా ఒకటి, పెద్ద వాన వచ్చిన ఏడు, చెరువు తెగిన ఏడు, తమ ఊరికి కరెంటు వచ్చిన ఏడు, మీరే పెద్దలను అడిగి తయారు చేసుకోండి. మదనపల్లెలో వాడే జాబితా కుప్పంలో పనికిరాదు.

పేర్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. రేషన్ కార్డులో లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మిదేవి, ఊళ్లో చిన్నక్క. ముగ్గురూ ఒకరే. అందుకే ప్రతి మనిషికీ ఒక అధ్యయన సంఖ్య ఇస్తారు. పేరు, ఫోన్ నంబరు, ఇంటి గుర్తు ఒక రిజిస్టరులో, పరీక్ష ఫలితాలు సంఖ్యతో వేరే చోట ఉండాలి. ఆ రెండిటినీ కలిపే తాళం చెవి, అంటే ఏ సంఖ్య ఎవరిదో చెప్పే జాబితా, మీ దగ్గర ఉంటుంది. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది కాబట్టే అని కాదు. ఒక ఆడమనిషి తన నెలసరి ఎప్పుడు ఆగిందో మీకు చెప్పింది. తన ఇంట్లో మగవాళ్లకు కూడా చెప్పని మాట అది.

స్కాన్ రోజు

ఫీల్డు పనికి పొద్దున్నే బయలుదేరతారు. టమాటా కోత రోజుల్లో మదనపల్లె చుట్టుపక్కల ఆడవాళ్లు తెల్లారకముందే తోటల్లో ఉంటారు. ఆ రోజుల్లో స్కాన్ పెట్టుకుంటే ఒక్కరూ రారు. వచ్చినవాళ్లకు కూలి పోతుంది. కాబట్టి క్యాలెండర్ వేసే ముందు మండీ కాలం, పట్టు పురుగుల పంట, జాతరలు, పింఛను ఇచ్చే రోజు అన్నీ కనుక్కోండి. రానుపోను బండి ఖర్చు, పోయిన కూలికి పరిహారం బడ్జెట్‌లో ముందే ఉండాలి. ఇది దయ కింద ఇచ్చేది కాదు. పరగడుపున రక్తం తీస్తే ఆ వెంటనే తినడానికి వేడివేడిగా ఏదైనా పెట్టాలి. ఇంత చిన్న ఏర్పాటు లేక ఒక అవ్వ కళ్లు తిరిగి పడిపోతే, ఎముకల పరిశోధనలోనే ఎముక విరిగిన మనిషి తయారవుతుంది.

స్కాన్ గదిలో మీ పని ఎక్కువ ఉండదు అనుకుంటారు. నడుము దగ్గర చీర కుచ్చిళ్లలో మడిచిన నాణేలు, మొలతాడు, లోపావడా హుక్కు, పొడుగ్గా పొట్ట మీదికి వేలాడే తాళిబొట్టు, ఇవన్నీ చిత్రంలో తెల్లగా పడతాయి. వెన్నెముక సాంద్రత లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది. పొద్దున మింగిన కాల్షియం మాత్ర కడుపులో కరగకుండా ఉన్నా అంతే. తాళి తీయమంటే చాలామంది ఒప్పుకోరు, తీయమని అడగకూడదు కూడా. పక్కకు జరిపి భుజం మీద వేసుకోమని చెప్పడానికి ఒక ఆడమనిషి ఉండాలి. ముందురోజే ఫోన్ చేసి మాత్ర వేసుకోవద్దని, నాణేలు ఇంట్లో పెట్టి రమ్మని చెప్పండి. ఈ ఫోన్ కాల్ ఎవరు చేయాలో రాసి లేకపోతే ఎవరూ చేయరు.

యంత్రం విషయం డాక్టర్లు చూసుకుంటారులే అనుకోకండి. ప్రతి పొద్దున ఫాంటమ్ అనే కొలత ముక్కను స్కాన్ చేసి, అంకె నిన్నటిదానికి సరిపోతుందో లేదో చూస్తారు. ఆ అంకెను పుస్తకంలో ఎక్కించేది మీరు. రెండు కంపెనీల యంత్రాలు ఒకే వెన్నెముకను వేర్వేరు అంకెలతో చూపిస్తాయి. రెండు కేంద్రాల్లో రెండు యంత్రాలుంటే ఒకే ఫాంటమ్‌ను రెండుచోట్లా తిప్పి తేడా ఎంతో తేల్చుకోవాలి. ఆ ఫాంటమ్‌ను పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా కిందపడకుండా ఎవరు తీసుకెళ్లారు, ఏ రోజు, ఏ బండిలో అన్నదీ రాయాలి. టీ-స్కోరు ఏ జనం సగటుతో పోల్చారో కూడా ప్రతి కాగితం మీదా ఉండాలి. భారతీయుల ఎముక సాంద్రత ప్రమాణాలు ఐసీఎంఆర్ బహుళ కేంద్ర అధ్యయనం ద్వారా 2010లో వచ్చాయి. విదేశీ సగటుతో పోల్చిన స్కోరు, దీనితో పోల్చిన స్కోరు కలిపేస్తే ఒకే మనిషికి జబ్బు ఉందనీ లేదనీ రెండూ రాసినట్టవుతుంది.

కరెంటు పోయినప్పుడు రక్త నమూనాలున్న ఫ్రీజర్ ఎంతసేపు ఆగింది? సమయం రాయండి. జనరేటర్‌లో డీజిల్ ఎవరు పోస్తారు? పేరు రాయండి.

ఎందుకో తెలియని గడి

ఫారంలో 'తాగే నీళ్లు ఎక్కడివి' అని ఒక గడి ఉంటుంది. కొత్తవాళ్లకు ఇది అనవసరంగా కనిపిస్తుంది. ఇంటికి కొళాయి ఉంది కాబట్టి 'పంచాయతీ కొళాయి' అని అందరికీ ఒకటే రాసేస్తారు. మన దేశంలో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతింటాయని తొలిసారి వైద్యులు గుర్తించింది 1937లో, మన రాష్ట్రంలోని పొదిలి, దర్శి ప్రాంతంలో. ఫ్లోరైడ్ ఎక్కువైతే వెన్నెముక చిక్కబడినట్టు స్కాన్‌లో కనిపిస్తుంది. నిజానికి అది పెళుసుగా ఉంటుంది. బోరు నీళ్లు తాగే మనిషి ఎముకలు బాగున్నాయని తప్పుగా రాయకుండా కాపాడేది ఆ ఒక్క గడి. ఏ గడి ఎందుకు ఉందో మీకు అర్థం కాకపోతే డాక్టరును అడగండి. అడగడానికి సిగ్గుపడితే ఆ గడిని మీరు నిర్లక్ష్యంగా నింపుతారు. మీ కింది ఫీల్డ్ వర్కర్ ఇంకా నిర్లక్ష్యంగా నింపుతుంది.

తిండి గురించిన ప్రశ్నలదీ ఇదే తీరు. రాగుల్లో వంద గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని పోషకాహార సంస్థ 2017 పట్టికలు చెబుతాయి. అదే సంస్థ 2020 సిఫారసుల ప్రకారం మామూలు వయోజనులకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. మరి 'రోజుకు ఎన్ని ముద్దలు సంగటి తింటావు' అని అడిగితే 'రెండు' అంటుంది. ఎవరి ముద్ద? మడికి పోయే మగవాడి ముద్దా, పథ్యం తినే ముసలమ్మ ముద్దా? సంగటిలో బియ్యం వంతు ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు. మూడు ఊళ్లలోనూ ఒకే గిన్నె, ఒకే తూకం యంత్రం వాడాలి. ఆ గిన్నెలు ఒకేరోజు, ఒకే దుకాణంలో కొని పంచి పెట్టండి.

తప్పు దిద్దే పద్ధతి

తప్పు రాశారా? వైట్‌నర్ ముట్టుకోకండి. ఒక్క గీత కొట్టండి, కింద ఉన్నది చదవడానికి వీలుండాలి. పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయండి. ఆ రోజుది ఆ రోజే రాయండి. రేపు రాద్దాం అనుకున్నది రేపటికి జ్ఞాపకం ఉండదు, ఉన్నట్టు అనిపిస్తుందంతే.

ఒక రోజు పెద్ద మీటింగుకు ముందు పై నుంచి మాట వస్తుంది: "ఆ ఖాళీలు ఏదో ఒకటి నింపెయ్యమ్మా, రేపు అడుగుతారు." గొంతు పెంచనక్కరలేదు. "మేడమ్, ఆ అవ్వ ఆ రోజు రాలేదు. రాలేదనే రాస్తాను. శనివారం మళ్లీ పిలుస్తాను" అనండి. ఈ మాట చెప్పడానికి ముందు మీ చేతిలో మిగతా ఫారాలన్నీ సరిగా ఉండాలి. అప్పుడు మీ మాటకు బలం ఉంటుంది. డబ్బు లెక్కలదీ అదే తీరు. వోచర్ లేని ఖర్చు లేదు, నిధులిచ్చిన సంస్థకు పంపే వినియోగ పత్రం గడువు దాటితే తర్వాతి విడత ఆగిపోతుంది, ఫీల్డ్ వర్కర్ల జీతాలు ఆగిపోతాయి. ఈ సంగతి ఇంతకంటే పొడిగించను. లెక్కలు తెలిసినవాళ్లకు ఈ పాటి చాలు.

ఈ వారం ఇంట్లో ఒక సాధన చేయండి. మీ అమ్మమ్మదో, నాయనమ్మదో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం పక్కపక్కన పెట్టి పేరు మూడుచోట్లా ఒకేలా ఉందేమో చూడండి. సంఘటనల ద్వారా ఆమె వయసు లెక్క వేయండి. ఎత్తు కొలవండి, యవ్వనంలో ఎంత ఎత్తు ఉండేదో అడగండి. ఎత్తు బాగా తగ్గి ఉంటే వెన్నుపూస ఎప్పుడో తెలియకుండా నలిగి ఉండవచ్చు, డాక్టరుకు చూపించండి. ఇదంతా ఒక కాగితం మీద, తేదీ వేసి, మీరు తప్ప ఇంకెవరు చదివినా అర్థమయ్యేలా రాయండి. రాసి పక్కింటి స్నేహితుడికి ఇచ్చి చదివించండి. అతను అడిగే ప్రశ్నలే మీకు పాఠం.

చివరిగా ఫలితం కాగితం గురించి. స్కాన్ తీసుకున్న ప్రతి ఆడమనిషికీ తన ఫలితం తన భాషలో అందాలి. 'టీ-స్కోరు మైనస్ 2.8' అని రాస్తే ఆమెకు ఏం తెలుస్తుంది? "మీ ఎముకలు పలచబడ్డాయి, జారి పడకుండా చూసుకోండి, ఫలానా తేదీన ఫలానా డాక్టరు గారిని కలవండి" అని రాయాలి. చదవలేకపోతే ఆశా కార్యకర్త వెళ్లి చదివి వినిపించాలి. వినిపించిన తేదీ రిజిస్టరులో ఎక్కాలి. మూడు ఊళ్ల లెక్కలు ఏ విదేశీ పత్రికకు వెళ్లినా, ఆ కాగితం అంతకు ముందే ఇంటికి చేరి ఉండాలి.

మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో ఇలాంటి ప్రాజెక్టు మొదలై మిమ్మల్ని ఇంటర్వ్యూకు పిలిస్తే, జీతం ఎంతో తప్పకుండా అడగండి. దానితోపాటు ఆడవాళ్లకు ఫలితం కాగితం ఎవరిస్తారు, ఎన్నాళ్లలోపు ఇస్తారు అని కూడా అడగండి. వాళ్ల దగ్గర జవాబు లేకపోతే ఆ పని మీకు అప్పగించమని అడగండి.